ధైర్యమా, దేవుని శోధించుటయా?

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



ఆకాశమున బెలూన్ల పందెమొకటి కలదు. దానికి గోర్డన్ బెన్నెట్ కప్పు అని పేరు. 1906లో పారిస్ నగరమున మొదలైనది. తేలికైన వాయువుతో నింపిన గొప్ప సంచికి బుట్ట కట్టి, దానిలో ఇద్దరు ఎక్కుదురు. అందరికంటె దూరము పోయినవారిదే గెలుపు. ఆ బెలూనుకు తెడ్డు లేదు, చుక్కాని లేదు. ఇసుక పారబోసిన పైకి లేచును; వాయువు విడిచిన క్రిందికి దిగును. దిక్కు మాత్రము గాలిదే.

1923లో బ్రస్సెల్స్ నగరమునుండి ఉరుములు మెరుపుల మధ్యనే ఈ పందెము సాగించిరి. పిడుగులు పడి ఐదుగురు చనిపోయిరి. 2010లో రిచర్డ్ అబ్రూజో, కారొల్ రైమర్ డేవిస్ అను అమెరికనులు ఇటలీ దాటి ఏడ్రియాటిక్ సముద్రముపై గాలివానలో చిక్కి మరణించిరి. వారు నేర్పు లేనివారు కారు. 2004లో అదే కప్పు గెలిచినవారు.

ఇందులో ఒక వింత గలదు. గాలితోపాటు కొట్టుకొనిపోవువానికి గాలి తగిలినట్లే యుండదు. బుట్టలో అంతయు నిమ్మళముగా నుండును. క్రిందనున్న నేల పరుగెత్తుచున్నదని చూచినప్పుడే వాని వేగము వానికి తెలియును. మన ఆశలును అట్టివే కావా? వాటి వెంట పోవుచున్నంత కాలము మనకు ప్రమాదము తోచదు.

పౌలు ఎక్కిన ఓడ కూడ అద్రియ సముద్రములోనే కొట్టుకొనిపోయెను. ఆ దినములలో ఆ పేరు మరింత విశాలమైన జలములకు చెల్లెను. పౌలు ముందే హెచ్చరించెను. శతాధిపతి వినలేదు. దక్షిణపు గాలి కొంచెము అనుకూలముగా వీచగానే అందరును లంగరెత్తిరి. తరువాత జరిగినది మీరెరుగుదురు. దేవుడు వారి ప్రాణములను కాపాడెను. ఓడను మాత్రము కాపాడలేదు.

మన విశాఖపట్నములో తుపాను హెచ్చరిక కేంద్రమున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలాదిమంది కొట్టుకొనిపోయిరి. 2014 అక్టోబరు 12న, ఆదివారమున, హుద్‌హుద్ తుపాను మన పట్టణముమీదనే పడెను. చెట్లు కూలెను, పడవలు పగిలెను, కొందరు మరణించిరి. అయినను ముందుగా హెచ్చరిక విని తీరము విడిచినందున అనేకులు బ్రదికిరి. హెచ్చరికను లక్ష్యపెట్టుట అవిశ్వాసము కాదు. దేవాలయ శిఖరమునుండి దుముకుమని అపవాది చెప్పినప్పుడు ప్రభువు దుమకలేదు గదా!

ఈ మాటలే ఒకప్పుడు ఒక బెస్త సహోదరునితో కొంత కఠినముగానే చెప్పితిమి. సూచిక ఎగురవేసిన దినమున అతడు పడవ దింపుచుండెను. "దేవుని శోధించుచున్నావు" అంటిమి. అతడు తల వంచుకొని, "అయ్యగారూ, సిగ్నలు నానూ ఇన్నాను. మూడు దినాల్నుండి మా పొయ్యిలో పిల్లి నెగనేదు" అనెను. మేము మాట తోచక నిలిచితిమి. ఆ ఉదయము మేము భోజనము చేసియే వచ్చితిమి.

కప్పు కొరకు ఉరుములోనికి పోవువానిని, గంజి కొరకు అలలోనికి పోవువానిని ఒకే త్రాసులో తూచరాదు. మొదటివానిది తెగువ. రెండవవానిది అవసరము, అందులో మన పాపము కూడ కొంత కలదు. ఆకలిగొన్న సహోదరునికి ఏమియు ఇయ్యక సమాధానముగా వెళ్లుమనుట వ్యర్థమని యాకోబు వ్రాసెను. ఆకలిగొన్నవానికి ఏమియు ఇయ్యక సముద్రములోనికి వెళ్లవద్దనుటయు అట్టిదే.

ఆ దినము అతడు పడవను మరల ఒడ్డునకు లాగెను. మా మాటవలన కాదు. సంఘ స్త్రీలు కూర్చిన పిడికెడు బియ్యపు కుండలోనుండి రెండు కుంచములు అతని ఇంటికి చేరినందువలన.

కావున ప్రియులారా, తుపాను కాలము రాకముందే ప్రతి సంఘమును ఆ కుండను నింపి యుంచవలెను. సూచికను ఎగురవేయుట రేవువారి పని. దానికి లోబడగల స్థితి బీదవానికి కలిగించుట మన పని. ఆమేన్.