తుమ్మి పసరు

పొలముగట్ల మీద ఎవరును నాటకుండనే మొలచు తుమ్మిమొక్క నెఱుగనివారు కృష్ణాతీరమున అరుదు. (తుమ్మచెట్టు వేఱు, నా విద్యార్థులు తఱచు పొరబడుచుందురు.) తులసి, పుదీనాల కుటుంబమునకే చెందినది గావున దీని కాడయు నలుచదరముగా నుండును. తెల్లని చిన్నిపువ్వు దొన్నెను బోలియుండుటచే సంస్కృతమున ద్రోణపుష్పి యనిరి. పువ్వు శివపూజకు బోవును, ఆకు చేదు. జలుబునకు, దగ్గునకు మన యమ్మమ్మలు వాడిరి. తెలంగాణమున వినాయకచవితినాడు కూర వండుకొందురు. ఇంతవరకు నాకు వివాదము లేదు. పాముకాటునకును దీని పసరే మందనుటతో చిక్కు వచ్చినది. ఇంత చేదైనది మందు గాకపోవునా యని మనవారి తర్కము.

దివిసీమలోని మా యూర నొక వృద్ధుడుండెడివాడు. అర్ధరాత్రి లేపినను విసుగుకొనక పసరు పిండి పోయును, కాసు పుచ్చుకొనడు. పలువురు బ్రతికిరి. పాములలో పెక్కు విషము లేనివి. త్రాచు కఱచినను ప్రతిసారియు విషమెక్కదు. ఆ పుణ్యమంతయు తుమ్మి ఖాతాలో జమయైనది. రక్తపింజరి విషమును విరుచునది గుఱ్ఱపు రక్తమునుండి తీసిన ప్రతివిషమే; ఆ మార్గమును 1890 దశకముననే కాల్మెట్ అను ఫ్రెంచి వైద్యుడు చూపెను.

ఆ వృద్ధుడు మోసగాడా? కాడు. నిర్దోషియా? 1877లో క్లిఫర్డ్ అను ఆంగ్లేయు డిట్టి ప్రశ్ననే వేసెను: శిథిలమైన యోడ క్షేమముగా చేరునని మనసార నమ్మి జనుల నెక్కించిన యజమానుడు, అది మునిగిన పిమ్మట తన నమ్మకమును సాక్షిగా చూపి తప్పించుకొనగలడా? లేడని ఆయన తీర్పు. ఆ తీర్పు న్యాయమే గాని మా వృద్ధునికి పూర్తిగా చెల్లదు. ఓడవాడు తనకు గలిగిన సందేహమును నొక్కివేసెను. వృద్ధునికి సందేహమే కలుగలేదు. దివిసీమలో పాముకాట్లు హెచ్చగా 2018లో సైతము మోపిదేవిలో ప్రభుత్వమే సర్పశాంతి యాగము జరిపించెను. ఇక ఆనాడు ఆయనకు సందేహము కల్పించువా రెవ్వరు?

నే నుంటిని. ఇరువదియేండ్ల క్రిందట కోతలలో నొక కూలిని మోసికొని వచ్చిరి. రెండు గంటలు పసరు పోసిరి. అప్పుడే పట్టము పుచ్చుకొన్న నేను ప్రక్కనే నిలిచి, పెద్దవారి మాట కడ్డు చెప్పనేల యని యూరకుంటిని. ఆసుపత్రికి బండి కదలునప్పటికి తెల్లవాఱుచుండెను. ఆతడు దక్కలేదు.

మఱునాడు వృద్ధుడు నా కడకు వచ్చి, "ఆకు ముదిరిపోయిందేమో బాబూ" అనెను. కాబోలు నంటిని.