తెప్పను ఒడ్డుకు లాగడం

బౌద్ధ వాఙ్మయంలో తెప్ప కథకున్నంత ప్రసిద్ధి మరే ఉపమానానికీ లేదేమో. పాలీ త్రిపిటకంలోని మజ్ఝిమ నికాయంలో 22వదైన అలగద్దూపమ సుత్తంలో, అంటే పామును పోలికగా తీసుకున్న ప్రసంగంలో, బుద్ధుడు ఒక బాటసారిని చూపుతాడు: ఇవతలి ఒడ్డు భయానకం, అవతలి ఒడ్డు క్షేమం, నడుమ పడవగానీ వంతెనగానీ లేని మహాజలం, ఆ మనిషి గడ్డి, కట్టెలు, కొమ్మలు, ఆకులు పోగుచేసి తెప్ప కట్టుకుని, కాళ్లూ చేతులూ ఆడిస్తూ ఆవలికి చేరుతాడు. ఇంత మేలు చేసిన తెప్పను ఇక నెత్తిన పెట్టుకుని మోసుకుపోవడం తగునా అన్నది ప్రశ్న, తగదన్నది జవాబు. ఈ కథను తలచుకునేవారు చాలామంది అక్కడే ఆగిపోతారు. అయితే ఆ తెప్పను ఏం చేయాలన్నదానికి సుత్తం రెండు దారులు చెబుతుంది: మెట్టకు లాగి పెట్టడం ఒకటి, నీటిలో వదిలేయడం మరొకటి. వదిలేయడం లోకానికి గుర్తుండిపోయింది, లాగి పెట్టడం మరుగున పడింది. విడవడం అంటే ఏమిటో తెలుసుకోగోరేవారికి ఆ మరుగున పడిన మాటే ఎక్కువ అక్కరకు వస్తుంది.

నీటిలోకి దిగే చోటును తెలుగు రేవు అంటే సంస్కృతం తీర్థం అంది. దాటడమనే అర్థం గల 'తౄ' ధాతువు నుంచే తీర్థం, తరణం, తరించడం వచ్చాయి. కిందికి అనే భావం గల 'అవ' చేరినప్పుడు అదే ధాతువు అవతారమై దిగిరావడాన్ని చెబుతుంది. జైనులు తమ పరమగురువులను తీర్థంకరులు, అంటే రేవు కట్టినవారు అన్నారు గాని ఆవలికి మోసుకుపోయినవారు అనలేదు. రేవు కట్టడం గురువు వంతు, నీటిలో దిగి దాటడం ఎవరికి వారి వంతు అన్న సూక్ష్మం ఆ పేరులోనే ఉంది.

అమెరికా సరస్సుల ఒడ్డున ఇప్పటి రేవు ఒక కాంక్రీటు వాలు. దాన్ని ర్యాంపు అంటారు. వంద అడుగులకు సుమారు పన్నెండు నుంచి పదిహేను అడుగుల దిగుడు ఉండేలా దాన్ని కడతారు. కారు వెనుక చక్రాల బండి మీద, అంటే ట్రైలర్ మీద, ఇంటి నుంచి వచ్చే చిన్న తెరచాప పడవలు ఇక్కడ నీటిలోకి దిగుతాయి. 1969లో తయారీ మొదలైన కాటలీనా 22 అలాంటిది: దాదాపు వెయ్యి కిలోల బరువు, అందులో సుమారు 250 కిలోలు కీల్, అంటే పడవ ఒరిగిపోకుండా అడుగున వేలాడే ఇనుప రెక్క, దాన్ని పైకి మడిస్తే రెండడుగుల లోతు చాలు, కిందికి దింపితే అయిదడుగులు కావాలి. ఈ పడవను నీటికి అప్పగించే పని చూడడానికి చిన్నదే గాని, అందులో ప్రతిదానికీ ఒక వేళ ఉంది. తెరచాపను మోసే అల్యూమినియం స్తంభాన్ని నిలబెట్టే ముందు తలెత్తి కరెంటు తీగలు చూసుకోవాలి. దూరప్రయాణంతో వేడెక్కిన చక్రాల ఇరుసులను కాసేపు చల్లారనివ్వాలి, లేకపోతే వేడి ఇరుసు చన్నీటిలో మునిగిన క్షణాన లోపలి గాలి కుంచించుకుని గ్రీజులోకి నీటిని పీల్చుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, పడవ ముక్కును బండికి బంధించిన పట్టీని ఎప్పుడు విప్పాలన్నది. వాలు మీద ఉండగానే విప్పితే పడవ జారి కాంక్రీటు మీద పడుతుంది. తేలాక కూడా విప్పకపోతే ఎన్నాళ్లయినా అది బండికి కట్టిన బరువే. బండి వెనక్కి దిగేకొద్దీ నీరు భారాన్ని కొద్దికొద్దిగా తన మీదికి తీసుకుంటూ, పడవ తొలగించిన నీటి బరువు పడవ బరువుతో సమమైన చోట, ఎవరూ నెట్టకుండానే పడవ మెల్లగా పైకి లేస్తుంది. పట్టీ మీద వేలు వేసి ఉన్నవారికి బిగువు సడలినట్టు తెలుస్తుంది. విప్పవలసింది అప్పుడు.

అలగద్దూపమ సుత్తం కూడా ముందు పట్టును నేర్పి, ఆ తర్వాతే విడవడం గురించి చెబుతుంది. ఈ వరుసను గమనించకుండా తెప్ప కథను విడిగా ఎత్తి చూపడం ఆ గ్రంథానికి అన్యాయం. పామును తోక పట్టుకున్నవాడిని అది వెనక్కి తిరిగి కరుస్తుందని, చీలిన కర్రతో అదిమి మెడ దగ్గర పట్టుకున్నవాడికి హాని లేదని, బోధను తప్పుగా పట్టుకున్నా అంతే ప్రమాదమని బుద్ధుడు మొదట చెప్పాడు. సరిగ్గా పట్టుకోనివాడు సరిగ్గా విడవనూ లేడు. సాధన పండకముందే శాస్త్రంతో పని లేదనేవాడిది వాలు మీదే పట్టీ విప్పినవాడి తొందర.

నేల నుంచి నీటికి భారం మారే ఆ కాస్త చోటు ఎంత కఠినమైనదో హైదరాబాదుకు బాగా తెలుసు. 1990 మార్చిలో హుస్సేన్‌సాగర్ మధ్యనున్న బండకు బుద్ధుని ఏకశిలా విగ్రహాన్ని తరలిస్తుండగా, అది ఒడ్డుకు ఎంతో దూరం పోకముందే పంటు మీది నుంచి జారి నీట మునిగింది, పనివారు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉన్న ఆ విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. ఇప్పుడు ఆ నీటి మీద తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. తెప్ప కథ చెప్పినవాని రూపం ఎదుట నిలిచి ఉండగా, అక్కడ నీటిలోకి వెళ్లిన పడవలన్నీ సాయంత్రానికి బయలుదేరిన ఒడ్డుకే తిరిగి వస్తాయి.

ఇక్కడొక ఆక్షేపణ ఎదురవుతుంది. బాటసారి ఆవలికి చేరాడు. ట్రైలర్ మీద పడవ తెచ్చుకున్నవారు మాత్రం ఎక్కడికీ చేరరు, పైగా పడవను మళ్లీ బండికెక్కించుకుని ఇంటికి మోసుకుపోతారు. ఇది నెత్తిన తెప్ప పెట్టుకోవడం కాదా? ఈ ప్రశ్నను తేలికగా తోసిపుచ్చరాదు. కానీ ఒడ్డు మారని ప్రయాణం వ్యర్థమని తెలుగు సంప్రదాయం ఎన్నడూ అనుకోలేదు: తిరుమల స్వామి పుష్కరిణిలో ఫాల్గుణ పౌర్ణమితో ముగిసే తెప్పోత్సవంలోను, ముక్కోటి ఏకాదశి ముందునాడు భద్రాద్రి రాముడు గోదావరిపై హంసవాహనంలో విహరించేటప్పుడును దేవుడు బయలుదేరిన మెట్లకే తిరిగి వస్తాడు. ఇంకా దాటనివారికి తెప్ప రేపు కూడా కావాలి. దాటినవాడు సైతం దాన్ని నీటి పాలు చేయక మెట్ట మీద పెడితే, వెనుక వచ్చేవారికి అది దొరుకుతుంది. సుత్తం ఈ మాట విప్పి చెప్పకపోయినా, జ్ఞానోదయం తర్వాత 45 ఏళ్లు బోధిస్తూ తిరిగిన బుద్ధుని జీవితమే ఆ మాటకు వ్యాఖ్యానంగా నిలుస్తుంది.

అయితే పడవను తిరిగి బండి మీదికి లాగే ఘట్టం దించే ఘట్టం కంటే కష్టమైనది. గాలి పడవను పక్కకు నెడుతుంటుంది; కీల్‌ను ముందే పైకి చుట్టాలి; బండిని మరీ లోతుకు దింపితే పడవ దాని మీద వంకరగా తేలి, పైకి లాగాక పక్కకు దిగబడుతుంది, చాలినంత దింపకపోతే లాగే పట్టీ తెగేంత బిగుసుకుంటుంది.

పడవను ఇలా తిరిగి తెచ్చుకున్నంత మాత్రాన అది అంటిపెట్టుకోవడం కాదు. దేన్నైనా వదలలేక అంటిపెట్టుకోవడాన్ని బౌద్ధులు ఉపాదానం అన్నారు. నిప్పును నిలిపే ఇంధనానికీ వారి భాషలో అదే పేరు. అలా అంటిపెట్టుకునేది పడవల అడుగునా ఒకటుంది: అమెరికా మహాసరస్సుల ప్రాంతంలో 1988లో కనబడిన చారల ఆల్చిప్ప, గోటంత జీవి, సన్నని పోగులతో పడవ అడుగును కరచుకుని, దాని పిల్లలు అడుగున మిగిలిన కాసిని నీటిలో దాగి, ట్రైలర్ల మీద ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పాకిపోయింది. అందుకని మిన్నెసోటా వంటి రాష్ట్రాల్లో పడవను రోడ్డెక్కించే ముందు అడుగున ఉన్న బిరడా తీసి తీరాలన్నది చట్టం. ఒడ్డుకు లాగిన పడవ వాలు మీద ఆగి ఉండగా, యజమాని వంగి ఆ బిరడా తిప్పి తీస్తే, లోపల చేరిన నీరు సన్నని ధారగా కాంక్రీటు మీద పడి, అదే వాలు వెంట సరస్సులోకి జారిపోతుంది.