ఈ బుట్టా, ఆ బుట్టా

మా చెల్లెలి కూతురు బాస్కెట్‌బాల్ రిఫరీ. మొన్న ఆదివారం కాలేజీ ఆడపిల్లల మ్యాచికి నన్నూ లాక్కెళ్ళింది. ఆట నాకు తెలియదు గాని, ఒకరి మీద ఒకరు పడితే తప్పని మాత్రం తెలుసు. మా పిల్ల ఒకసారి విజిల్ ఊదుతుంది, ఇంకోసారి చూసీ ఊరుకుంటుంది!

"ఇదేం న్యాయమే?" అన్నాను తిరిగొస్తూ.

"తగిలినందువల్ల ఎవరికైనా నష్టం జరిగిందా అని చూస్తాం పెద్దమ్మా. బంతి వెయ్యబోయే పిల్ల తూలిపోతే ఫౌల్. భుజం కాస్త రాసుకున్నా తన దారిన తను వెళ్ళిపోతే ఆట సాగనిస్తాం. ప్రతిదానికీ ఊదుతూ కూర్చుంటే ఇంక ఆటెక్కడ?"

"మరి రూల్సు పుస్తకమెందుకు?"

"అలా చూడమని పుస్తకమే చెబుతుంది" అని నవ్వింది.

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు రెండు చివర్లా పళ్ళబుట్టలు బిగించి ఈ ఆట మొదలుపెట్టాడు. ఆయన రాసినవి పదమూడే రూల్సు. బంతితో పరిగెత్తకూడదన్నది ఒకటి. ఆ వెంటనే, వేగంగా పరిగెడుతూ బంతి అందుకున్నవాడు ఆగాలని ప్రయత్నిస్తే కాస్త వెసులుబాటు ఇమ్మనీ రాశాడు. నిజంగా ఆగబోతున్నాడో, నటిస్తున్నాడో తేల్చవలసింది చూసేవాళ్ళే. అంటే రూలుతోపాటే దయా పుట్టిందన్నమాట.

"ఆ దయ పక్షపాతం అయిపోదూ?"

"ఈ బుట్ట దగ్గర వదిలేసింది ఆ బుట్ట దగ్గరా వదిలెయ్యాలి పెద్దమ్మా. అంతే."

ఆ మాట నాకు చురుక్కుమంది. ఆ ఉదయమే మా పనిమనిషి అరగంట ఆలస్యంగా వచ్చింది. బిడ్డకి జ్వరమని చెబుతున్నా వినిపించుకోకుండా నాలుగు మాటలన్నాను. అప్పటికి మా అబ్బాయి ఇంకా లేవలేదు. పాపం, రాత్రంతా చదివాడని వాడికి కాఫీ మంచం దగ్గరికే పట్టుకెళ్ళాను!

మనమంతా ఇళ్ళల్లో విజిల్ లేని రిఫరీలమే కదూ? కూతురు పొద్దెక్కి లేస్తే అలసట, కోడలు లేస్తే బద్ధకం. రూలు సడలించడంలో తప్పు లేదు. ఎవరికి సడలిస్తున్నామో ఒక్కసారి లెక్క చూసుకుంటే తెలుస్తుంది మన న్యాయం.

మర్నాడు కూడా పనిమనిషి ఆలస్యంగానే వచ్చింది. మాటలు పడడానికి సిద్ధపడ్డట్టు తల వంచుకుని నిలబడింది.

"బిడ్డకెలా ఉంది?" అన్నాను.

ఆమె నా మొహంకేసి విచిత్రంగా చూసింది. "తగ్గలేదమ్మా" అంది.

ముందు కాఫీ తాగమన్నాను. నిన్న ఊదిన విజిల్ వెనక్కి తీసుకోలేను గదా!