రోగి మాట ప్రమాణమేనా?

ఆయాసంతో వచ్చిన మనిషి చెప్పే మాటను డాక్టరు ఏమని తీసుకోవాలి? అది తెలిసిన విషయమా, ఎక్స్‌రే వచ్చేదాకా పక్కన పెట్టాల్సిన ఊహా? ఆసుపత్రిలో పుట్టినట్టు కనిపించినా ఇది మన దార్శనికులు శతాబ్దాలు వాదించుకున్న ప్రశ్నే. జ్ఞానానికి ఆధారంగా, అంటే ప్రమాణంగా, చార్వాకులు ప్రత్యక్షాన్ని తప్ప మరొకదాన్ని ఒప్పుకోలేదు. బౌద్ధ తార్కికులు, వైశేషికులు ఇతరుల మాటను అనుమాన ప్రమాణంలో, అంటే తర్కించి తేల్చుకునేదానిలో, కలిపేశారు. నైయాయికులు మాత్రం శబ్దాన్ని, అంటే ఆప్తుడి మాటను, నాలుగో ప్రమాణంగా విడిగా నిలబెట్టారు. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పదలచినవాడే ఆప్తుడన్నారు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ ఒక్కటేనని వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో రాశాడు. చదువు, కులం, హోదా ఇందులో లెక్కకు రావు. ఆ ప్రకారం తన ఊపిరి విషయంలో రోగిని మించిన ఆప్తుడు లేడని నా వాదం.

ఉబ్బసం తెల్లవారుజామున మూడింటికి పట్టి, పదకొండింటికి ఓపీలో కూర్చునే వేళకు పూర్తిగా వదిలేసి ఉండవచ్చు. స్టెతస్కోపుకు పిల్లికూతలు వినపడవు, ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. ఆ రాత్రికి మిగిలిన సాక్ష్యం రోగి మాటే. పత్తి ధూళిలో పనిచేసేవారికి సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజే ఛాతీ బిగుసుకుంటుంది, జబ్బు తొలిదశలో మర్నాటికి సర్దుకుంటుంది. ఈ వరస ఏ ఫిల్ముకూ అందదు. రాతిపొడి పీల్చిన ఊపిరితిత్తులు ఎక్స్‌రేలో క్షయలా కనిపించి ఏమార్చగలవు. అక్కడ దారి చూపేది “ఏం పని చేస్తుంటారు?” అన్న ప్రశ్నే. వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద 1700లో పుస్తకం వెలువరించిన ఇటలీ వైద్యుడు రామజ్జినీ, హిప్పోక్రటీస్ అడగమన్న ప్రశ్నలకు దీన్ని చేర్చమని కోరాడు. 1975లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనంలో, పంపిన డాక్టరు ఉత్తరం చదివి, రోగితో మాట్లాడాక వేసిన అంచనాయే 80 మందిలో 66 మందికి చివరిదాకా నిలిచింది.

రోగులు అబద్ధమాడరా అంటే, ఆడతారు. బీడీ అలవాటు దాస్తారు, సంబంధాలు చెడతాయని ఇంట్లో క్షయ ఉన్న సంగతి మింగేస్తారు. అయితే ఆప్తుడి లక్షణంలో చెప్పాలన్న కోరిక కూడా ఉంది. అత్తగారి ఎదుట కోడలిని, వరసలో నలుగురు వింటుండగా కూలీని అడిగితే ఆ కోరిక అక్కడే చచ్చిపోతుంది. ఆ అబద్ధంలో అడిగినవారికీ వాటా ఉంది. ఇంతకంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది: చల్లనీళ్లు తాగడం వల్లే దగ్గు వచ్చిందని రోగి నమ్మకంగా చెబుతాడు, దాన్నీ ప్రమాణమనాలా? అక్కర్లేదు. కారణాన్ని అతను స్వయంగా ఎరగడు, అది డాక్టరు అనుమానించి తేల్చాల్సింది. దగ్గు ఎన్నాళ్లది, కళ్లెలో నెత్తుటి జీర ఉందా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడుతుందా, దిండ్లు ఎన్ని కావాలి అన్నవి మాత్రం అతను ఎరిగినవి. రెండు వారాలు దాటిన దగ్గయితే క్షయ పరీక్ష చేయించాలన్నది మన దేశంలో నియమం. ఆ రెండు వారాల లెక్క చెప్పగలిగింది రోగీ, అతని ఇంటివాళ్లే.

కాబట్టి డాక్టరు అడగకపోయినా చేసే పని, ఇంట్లో పొయ్యి, రాత్రి నిద్ర, దగ్గు మొదలైన రోజు ముందే చెప్పండి.