వీరుఁడెవరి సొత్తు?

పొలమునకు హద్దురాళ్లు గలవు; ధాన్యమునకు కొలత గలదు. ఒకని మనస్సునఁ బుట్టి లక్షల మనస్సులలో నివసించు కల్పిత వీరునకు యజమాని యెవఁడు? అమెరికా దేశపు బొమ్మల కథలలోని సూపర్‌మ్యాన్ చరిత్రము ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

క్లీవ్‌లాండ్ నగరవాసులైన జెరీ సీగెల్, జో షూస్టర్ అను ఇరువురు యువకులు ఈ వీరుని సృజించిరి. ఒకఁడు కథ వ్రాసెను. రెండవవాఁడు బొమ్మలు గీసెను. 1938 లో వారు 130 డాలర్లు పుచ్చుకొని సర్వహక్కులను ప్రకాశకులకు వ్రాసియిచ్చిరి. వీరుఁడు లోకప్రసిద్ధుఁడయ్యెను; ధనము ప్రకాశకులఁ జేరెను. 1947 లో వారు న్యాయస్థానము నాశ్రయించిరి గాని వీరుఁడు వారికి మరల దక్కలేదు. తుదకు 1975 లో, లోకాపవాదమునకు వెఱచిన సంస్థవారు ఒక్కొక్కరికి ఏఁటికి 20,000 డాలర్ల భరణ మేర్పఱచి, కథలపై వారి పేళ్లను మరల ముద్రించుట కంగీకరించిరి.

గడువు మాట విచారింతము. 1938 నాఁటి చట్టము ప్రకారము ప్రచురణహక్కు ఎంత పొడిగించుకొన్నను 56 సంవత్సరములకు మించదు. ఆ లెక్కను 1994 తో ఈ వీరుఁడు సర్వజనుల సొత్తు కావలసినవాఁడు. 1976 నాఁటి చట్టము దానిని 75 ఏండ్లకును, 1998 నాఁటి చట్టము 95 ఏండ్లకును పెంచెను. షూస్టర్ 1992 లోను, సీగెల్ 1996 లోను మరణించిరి. ఈ హక్కు రచయితకుఁ బ్రోత్సాహమని చెప్పుదురు. మృతులను బ్రోత్సహించి యే క్రొత్త కథను వ్రాయింపఁగలరు?

వారసుల మాట యేమని కొంద ఱడుగవచ్చును. ఇచ్చివేసిన హక్కును 56 ఏండ్లకు మరలఁ గోరుటకు 1976 చట్టము వారికి దారి చూపినది, అది న్యాయమే. కాని సీగెల్ కుటుంబమువారు ఏండ్ల తరబడి వ్యాజ్యమాడినను, 2013 నాఁటి తీర్పు సంస్థ పక్షముననే నిలిచెను.

మన పూర్వకవులు కావ్యమును రాజున కంకిత మిచ్చినపుడు అతఁడు కృతిభర్త యనఁబడెను. అయినను ఆ కథానాయకునిఁ గూర్చి మఱియొక కవి కలము పట్టరాదని అతఁడు శాసింపలేదు. భాస్కరాదులు చెప్పిన రామకథనే మొల్లయుఁ జెప్పఁగలిగెను. అట్లని రచయితకు హక్కే వలదనుట ధర్మము గాదు. నాఁటి కవికి అగ్రహారము లుండెను. నేఁటి రచయితకు అచ్చైన ప్రతులే అగ్రహారము. అతఁడు బ్రదికినంత కాలమును, అతని బిడ్డలు ప్రయోజకు లగువఱకును ఆ ఫలము వారిదే కావలయును. అటుపిమ్మట కొన్నవాని పెట్టెకుఁ దాళము వేసియుంచుట రచయితకుఁ జేయు మేలు గాదు.

2034 జనవరి 1 న ఆ 1938 నాఁటి తొలి కథలు అమెరికాలో సర్వజనుల వగును. అందలి వీరుఁడు మేడలను దాఁటి దుముకును గాని యింకను ఎగురఁ నేర్వలేదు. తరువాతి కథలు చేర్చిన విశేషములు తమ గడువు తీఱువఱకు వేచియుండును. నాఁడు ఆ వీరుని కథ నెత్తికొనువారు మొదట ఆ యిద్దఱి పేళ్లను చెప్పుదురు గాక. ఆ ఋణమును ఏ చట్టమును విధింపదు. ఏ గడువును తీర్పదు.