ఎర్ర రంగు వేయని జీపు

మా ఇంటి వెనక చింతచెట్టు కింద ఒక పాత జీపు ఉంది. దాని వెనక సీటు కింద మా కోడి గుడ్లు పెడుతుంది. చిన్నప్పుడు నేనూ మా చెల్లీ దాని స్టీరింగు తిప్పుతూ సిరోంచ పోయాం, అల్లాపల్లి పోయాం, బొంబాయి కూడా పోయాం. బండి మాత్రం అంగుళం కదల్లేదు. ఈ జీపు గురించి రాయడానికి ఒక కారణం ఉంది. దీని వల్ల మా ఇంట్లో ఒక తగాదా వచ్చింది. ఆ తగాదాలో ఒక పెద్ద ప్రశ్న దాగి ఉంది. పాత వస్తువుకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది? అది చేసిన పని నుంచా, దాని గురించి మనం చెప్పే కథ నుంచా?

ముందు జీపు సంగతి చెప్తాను. ఆర్.సి. పుస్తకంలో దాని సంవత్సరం 1974. ఒకప్పుడు అది జంగ్లాతోళ్ల బండి. వాళ్లు పాత బళ్లను వేలం వేసినప్పుడు మా బాపు కొన్నాడు. కొన్నాళ్లు పొలం పనికి వాడి, తర్వాత చెట్టు కింద నిలిపేశాడు. మా తాత అంతకు చాలా ఏళ్ల ముందే ఆ బండి ఎక్కాడు. ఎండాకాలంలో అడవి కాలకుండా కాపలా కాయడానికి రోజు కూలీకి మనుషులను పెట్టుకునేవారు. తాత అలా ఎన్నో ఎండాకాలాలు పని చేశాడు. మహారాష్ట్రలో ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 వరకు అడవి మంటల కాలం. ఆ నాలుగు నెలలూ ఆ జీపే వాళ్లకు ఇల్లు.

అడవికి జీపే ఎందుకంటే, దాని నాలుగు చక్రాలూ లాగుతాయి. మామూలు బండిలో ఇంజను బలం రెండు చక్రాలకే పోతుంది. వాగు ఇసుకలో ఆ రెండూ కూరుకుపోతే బండి ఆగిపోయినట్టే. జీపులో గేరు పక్కన ఇంకో కర్ర ఉంటుంది. అది లాగితే ముందు చక్రాలు కూడా పనిలోకి వస్తాయి. ఈ బండి పుట్టింది యుద్ధం కోసం. 1940లో అమెరికా సైన్యం ఇలాంటి తేలిక బండి కావాలని అడిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా తయారు చేశాయి. 1947 నుంచి బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టారు. యుద్ధం కోసం పుట్టిన బండి మన దేశంలో పొలాలకు, పోలీసులకు, అడవులకు వచ్చింది.

ఇతర దేశాల్లో కూడా ఇలాగే జరిగింది. అమెరికాలో డాడ్జ్ కంపెనీ తన యుద్ధకాలపు ట్రక్కును మార్చి 1946లో పవర్ వాగన్ అనే బండి తెచ్చింది. పల్లెల్లో, అడవుల్లో మంటలు ఆర్పేవాళ్లు అలాంటి బళ్లకు నీళ్ల ట్యాంకు, పంపు బిగించుకున్నారు. ఇంగ్లండులో 1948లో వచ్చిన లాండ్ రోవర్‌ను కూడా అగ్నిమాపక బండిగా మార్చారు. ఇప్పుడు ఆ బళ్లను వెతికి కొని దాచుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు అవి ఎందుకు ఇష్టమో తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. మంటలార్పే బండి తన జీవితంలో ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంటుంది. పిలుపు వస్తేనే కదులుతుంది. అందుకే యాభై ఏళ్లు దాటినా అది తిరిగిన దూరం తక్కువే ఉంటుంది. మా జీపు అలా కాదు. దానికి షెడ్డు లేదు, మీటరు ఎప్పుడో ఆగిపోయింది.

పోయిన వేసవిలో పాత బళ్లు కొనే ఒకాయన నగరం నుంచి మా ఇంటికి వచ్చాడు. ఆయన వెంట ఒక మధ్యవర్తి ఉన్నాడు. కొనేవాయన జీపు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కింద పడుకుని చాసిస్ నంబరు చూశాడు. ఆయన బండిని ముట్టుకునే తీరు చూస్తే నిజంగా ప్రేమ ఉన్నవాడే అనిపించింది. నచ్చిందని చెప్పి, వారంలో మళ్లీ వస్తానని పోయాడు. మధ్యవర్తి మాత్రం వెనక ఆగి మా బాపుతో మెల్లగా అన్నాడు. "దీనికి ఎర్ర రంగు కొట్టించండి. పక్కన ఫైర్ అని రాయించండి. ఒక గంట తగిలించండి. మంటలార్పిన బండి అంటే ఇంకో లక్ష ఎక్కువ పలుకుతది. ఇంజను మార్చిన సంగతి ఎత్తకండి."

మా బాపు చెడ్డవాడు కాదు. బోరు వేయించిన అప్పు నెత్తి మీద ఉంది. ఆ లక్షతో సగం బరువు దిగేది. అందుకే రంగు డబ్బాలు తెచ్చాడు.

తాత మంచం మీద నుంచి చూసి నవ్వాడు. "ఎర్రగ ఎప్పుడుండెరా అది? పచ్చగుండె. మనుషులకు చెట్ల నడుమ కనబడకపోయేది."

నేను తాత పక్కన కూర్చొని అసలు ఏం జరిగేదో అడిగాను. ఇన్నేళ్లలో నేను అడగడం అదే మొదటిసారి. ఆ జీపుకు పంపు లేదట. వెనక రెండు డ్రమ్ముల నీళ్లు, గొడ్డళ్లు, పొరకలు, బియ్యం మూట, ఏడెనిమిది మంది మనుషులు. నీళ్లు మంట మీద పోయడానికి కాదు, మనుషులు తాగడానికి. మంటను పచ్చి మండలతో కొట్టి ఆర్పేవారు. ముందుకు పోయి ఆకులు ఊడ్చి దారి చేస్తే, కాలడానికి ఏమీ దొరక్క మంట అక్కడే ఆగేది. గాలి తిరిగితే పరుగెత్తడమే. జీపు ఎడమ పక్కన ఉన్న సొట్ట అలా రాత్రి వెనక్కి తిప్పుతుంటే చెట్టుకు తగిలిందే.

తర్వాత తాత ఇంకో మాట చెప్పాడు. "ఇప్పపువ్వు ఏరుకునేటందుకు పొద్దుగాల చెట్టు కింద ఆకులు మేమే అంటుపెట్టేటోళ్లం. తునికాకు మంచిగ చిగురిస్తదని కూడ పెట్టేది. అది మాట వినక అడవిలకు పాకేది. రాత్రి జీపెక్కి మళ్ల మేమే ఆర్పేటోళ్లం. చెప్తే గది కూడ చెప్పు."

ఆ మాట నన్ను చాలా ఆలోచనలో పడేసింది. ఎర్ర రంగు వేస్తే చూసేవాడికి ఏం కనిపిస్తుంది? గంట మోగించుకుంటూ వచ్చే వీరులు కనిపిస్తారు. అలాంటి వీరులు నిజంగానే ఉన్నారు. ప్రతి ఏప్రిల్ 14న మనం బడిలో అంబేడ్కర్ జయంతి చేసుకుంటాం. అదే రోజు దేశమంతా అగ్నిమాపక సేవా దినం కూడా. 1944లో ఆ రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడ పేలింది. మంటలార్పడానికి పోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్లను తలచుకోవడం న్యాయం. కానీ వాళ్ల ఎర్ర రంగును మా జీపుకు పూస్తే, వాళ్ల పేరు మేము వాడుకున్నట్టు అవుతుంది. మా తాతలాంటి వాళ్ల పని ఆ రంగు కింద మాయమవుతుంది. ఒక్క అబద్ధంతో రెండు దొంగతనాలు.

నా దోస్తు ఒకడు అడిగాడు. "కొనేటోడు సంతోషపడతడు, మీకు పైసలొస్తయ్. నష్టం ఎవరికి?" ఇది తేలిక ప్రశ్న కాదు. నేను నాలుగు రోజులు ఆలోచించాను. పాత బండి కొనేవాడు ఇనుము కొనడు. ఇనుమే కావాలంటే తుక్కు సామాన్ల దగ్గర కిలోల లెక్కన దొరుకుతుంది. ఆయన కొనేది జరిగిపోయిన కాలంలో ఒక నిజమైన ముక్క. దాన్ని అబద్ధంగా ఇస్తే, రాళ్లు కలిపిన బియ్యం అమ్మినట్టే. ఆయనకు తెలియకపోవచ్చు. తెలియనంత మాత్రాన రాళ్లు బియ్యం కావు.

మరి ఇంజను మారిన బండి అదే బండి అవుతుందా? గ్రీకు దేశంలో థీసియస్ ఓడ గురించి ఇలాంటి ప్రశ్నే ఉందని మా సార్ చెప్పారు. పలకలన్నీ ఒక్కొక్కటిగా మారిస్తే అది పాత ఓడేనా అని. మా తాత గొడ్డలికి కర్ర నాలుగుసార్లు మారింది. తాత మాత్రం అది తన గొడ్డలే అంటాడు. నాకు అనిపించింది ఏమిటంటే, మార్పు తప్పు కాదు, మార్పును దాచడమే తప్పు. మన చట్టం ఇంకా గట్టిగా ఉంది. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉన్న బండినే వింటేజ్‌గా నమోదు చేస్తారు. ఇంకో నిబంధన ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బళ్లు తుక్కు కిందకు పోవాలి. సైన్యానికి, శాంతిభద్రతలకు వాడే ప్రత్యేక వాహనాలకు మాత్రం మినహాయింపు ఉంది. 15 ఏళ్లకు తుక్కు, 50 ఏళ్లకు వారసత్వం! మధ్యలో 35 ఏళ్లు ఎవరో ఒకరు లాభం చూడకుండా దాన్ని అట్టిపెట్టాలి. అందుకే పాత బళ్లు సేకరించేవాళ్లను నేను పైసలు ఎక్కువైనవాళ్లు అని నవ్వను. వాళ్లు లేకపోతే అడగడానికి వస్తువే మిగలదు. అయితే చాసిస్ నంబరు అడిగినవాళ్లు, ఆ బండెక్కిన మనుషుల సంగతి కూడా అడగాలి.

వారం తర్వాత కొనేవాయన వచ్చాడు. బాపు ఇంకా రంగు వేయలేదు. ఎందుకో డబ్బాలు అలాగే ఉన్నాయి. ఆయన నన్నే అడిగాడు. "ఇది ఫైర్ బండేనా బాబూ?" నేను బాపు వైపు చూశాను. బాపు నేల చూస్తున్నాడు. నేను తాత చెప్పింది మొత్తం చెప్పాను. నీళ్ల డ్రమ్ములు, పచ్చి మండలు, ఇప్పచెట్టు కింద మంట, మారిన ఇంజను, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆలోచించి చెప్తానని వెళ్లిపోయాడు. ఇంకా ఫోను రాలేదు.

నేను చేసింది మంచిదే అని గట్టిగా చెప్పలేను. అప్పు నాది కాదు, బాపుది. ఆయన నష్టం మీద నేను నిజం చెప్పాను. పెద్దవాళ్ల కష్టం తెలియకుండా నీతులు చెప్పడం పిల్లలకు తేలిక. బాపు పది రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. కానీ ఆ రోజు ఆయన నా మాటకు అడ్డు రాలేదు. అడ్డు వచ్చి ఉంటే నేను ఆగిపోయేవాణ్ణేమో. కాబట్టి నిజం చెప్పింది నేనొక్కణ్ణే కాదనుకుంటున్నాను.

ఇప్పుడు అడవి ఎక్కడ అంటుకున్నా ఉపగ్రహం చూసి, అటవీ సిబ్బంది ఫోన్లకు సందేశం వస్తుంది. ఆకులను మిషన్లతో ఊదుతున్నారు. మండలతో కొట్టిన చేతులు ముసలివయ్యాయి. నేను ఒక నోటుబుక్కులో తాత చెప్పేది రాసుకుంటున్నాను. ఎవరెవరు జీపెక్కేవారు, ఏ వాగు దగ్గర నిలిపేవారు, ఏ రాత్రి ఏం జరిగింది అని. ఎవరు బండి కొన్నా ఆ పుస్తకం కూడా తీసుకుపోవాలని బాపుతో అన్నాను. "బండి కొంటడా, పుస్తకం కొంటడా?" అని విసుక్కున్నాడు. వానలకు ముందు మాత్రం తనే ఒక టార్పాలిన్ తెచ్చి జీపు మీద కప్పి, నాలుగు మూలలా తాడుతో కట్టాడు.

మీ ఇళ్లల్లో కూడా పాత వస్తువులు ఉంటాయి. అమ్మండి, దాచండి, అది మీ ఇష్టం. దాని పని తెలిసిన మనిషి మీ ఇంట్లో ఉంటే మాత్రం, ముందు ఆ మనిషి పక్కన కూర్చొని అడగండి.