గుమ్మంలో నది

మా వీధిలో లేస్తున్న అపార్టుమెంటుకి ఇటుకలు మోసే ఆమె ఒకరోజు బిందెతో మా గేటు దగ్గర నిలబడింది. ఏ ఊరని అడిగాను. "నారాయణపేట దిక్కమ్మా" అంది. పేట అనగానే మనకి గుర్తొచ్చేది చీరేగా! నేనూ చీరల సంగతే ఎత్తాను. ఆమె కుళాయి కేసి చూసి, "ఇవి యాడి నీళ్లు?" అంది. కృష్ణ నీళ్లన్నాను, కాస్త గొప్పగానే. "కిష్ణ మా దిక్కు నుంచే వస్తది గద" అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

నిజమే. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర. భీమ వచ్చి కలిసేదీ అక్కడే. కాని నది పల్లాన, పేట మెరకన. నీరు పల్లమెరుగు అంటారు గాని, అడిగేవాళ్లు గట్టివాళ్లయితే మెరకా ఎక్కుతుంది. లేకపోతే 2004లో నాగార్జునసాగర్ నుంచి హైదరాబాదుకి ఎలా ఎక్కింది?

పాత హైదరాబాదు రాష్ట్రం విడిపోకుండా ఉంటే మహబూబ్‌నగర్ వాళ్లకి నీళ్లు దక్కే అవకాశం మెరుగ్గా ఉండేదని 1973లో బచావత్ ట్రిబ్యునలే ఒప్పుకుని, జూరాలకి 17.84 టీఎంసీలు కేటాయించింది. ప్రాజెక్టు పూర్తయ్యేసరికి ఇరవయ్యేళ్లు దాటింది. ఈలోగా పాలమూరు లేబరు దేశమంతా మట్టి మోసింది.

ఇలాంటి తగువే ఉత్తర ధ్రువం దగ్గరా ఉంది. 1996లో ఎనిమిది దేశాలు ఆర్కిటిక్ మండలి పెట్టుకున్నాయి. తరతరాలుగా మంచు మీద బతికే ఇన్యూట్, సామీ జనాల సంఘాలకీ అందులో కుర్చీలు వేశారు. వాళ్లని సంప్రదిస్తారు, నిర్ణయం మాత్రం దేశాలది. 2013 నుంచి మన దేశమూ అక్కడ పరిశీలక హోదాలో కూర్చుంటోంది. 2005లో షీలా వాట్-క్లూటియే అనే ఇన్యూట్ ఆమె, మరో 62 మందితో కలిసి, అమెరికా వదిలే పొగవల్ల మా మంచు కరిగిపోతోందని అమెరికా ఖండాల మానవహక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. మరుసటి ఏడు, విచారణకి తీసుకోమన్నారు. చల్లదనం మా హక్కంటే ఎండల్లో మాడే మనకి నవ్వొస్తుందేమో! మంచు గట్టిగా లేకపోతే వాళ్లకి దారీ లేదు, వేటా లేదు మరి.

పట్నంలో జనం ఎక్కువ, ముందు వాళ్ల గొంతులు తడపాలి కదా అంటారు మావారు. కాదనలేను, తాగేది నేనూనూ. కాని ఎక్కువమందికి మేలని లెక్క తేల్చేటప్పుడు, ఆ తక్కువమందిని పిలిచి అడిగారా అన్నదే నాకు మింగుడు పడదు.

2024లో నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతలకి శంకుస్థాపన జరిగింది. సంతోషమే. అయితే నీళ్ల కోసం ఇన్నాళ్లు ఎదురుచూసిన ఆ చుట్టుపక్కల రైతులే ఇప్పుడు దానికి భూమీ ఇవ్వాలి. పరిహారం ఎంతో వాళ్లతో కూర్చుని తేలుస్తారా, తేల్చేసి చెబుతారా?

ఆమె మళ్లీ బిందె పట్టుకొస్తే ఈసారి చీరల సంగతి ఎత్తను. ఆ పనులు వాళ్ల పొలం దాకా వచ్చాయేమో అడగాలి.